లిడియా విప్పని మూట

పొద్దున ఆరున్నరకి వీధి మొగలో విజిల్ మోగిందంటే లిడియా బండి వచ్చినట్టు. మూడు చక్రాల బండి, దాని మీద రెండు పెద్ద డబ్బాలు. పచ్చ డబ్బా తడిచెత్తకి, నీలం డబ్బా పొడిచెత్తకి. హ్యాండిల్‌కి ఒక ఎర్రసంచి వేలాడుతూ ఉండేది. పగిలిన బల్బులు, బ్లేడులు, మాత్రల రేకులు, సూదులు, పురుగుమందు డబ్బాలు అందులోకి. "పచ్చది మట్టికి, నీలంది మిల్లుకి, ఎర్రది ఎవరికీ వద్దు. మూడూ కలిపితే నా నెత్తికి" అని ఇంటింటికీ చెప్పుకుంటూ పోయేది.

మా ఊరు చిలకలూరిపేటకి పది కిలోమీటర్లు. లిడియా పుట్టింది ఇక్కడే, మనువు చేసుకున్నదీ ఇక్కడే. లంగా ఓణీ కట్టకముందు నుంచే మిరపకాయలకి తొడిమలు తీసింది. మొదట కల్లాల్లో, తర్వాత గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎర్రటి గుట్టల మధ్య తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా కూర్చునే పని. ముప్పై ఏళ్లు ఆ ఘాటు పీల్చాక ఊపిరి అందడం మానేసింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, గట్టిగా నవ్వితే దగ్గు. పేటలో డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో తీయించి, "మళ్లీ మిరపకాయల్లో కూర్చున్నావంటే నేనేం చేయలేను" అని చెప్పేశాడట. అప్పటికే ఆమె భర్త పోయి మూడేళ్లు. ఆ ఏడాదే పంచాయతీలో చెత్తబండి పని ఖాళీ ఉందంటే చేరింది.

"కంపు కొట్టదా లిడియా?" అని ఒకసారి అడిగాను.

"కొడతదమ్మా. కానీ గొంతు పట్టుకోదు. చేరిన మొదటి వారమే కంటి నిండా నిద్రపోయా" అంది.

మొదట్లో ఊళ్లో ఎవరమూ వేరుచేసి వేయలేదు. పంచాయతీ ఇచ్చిన రెండు డబ్బాల్లో ఒకదాంట్లో బియ్యం పోసుకున్నవాళ్లం ఉన్నాం. ఆమె ఎవరితోనూ తగువు పడలేదు. కలిపేసిన చెత్త ఇస్తే ఆ ఇంటి గుమ్మం ముందే చతికిలబడి, పాత దుప్పటి పరిచి, ఒక్కొక్కటీ తీస్తూ పైకి చదివేది. మా పక్కింటి సర్దార్‌బీ వాకిట్లో జరిగింది నేను మా గోడ మీదుగా చూశాను.

"సర్దార్‌బీ అక్క గారింట్లో నిన్న బిర్యానీ. ఇవిగో బొమికలు. పౌడరు డబ్బా అయిపోయింది. ఇదేందక్కా, మందుల షాపు చీటీ... మోకాళ్లు నొప్పులా?"

"ఒసేయ్ లిడియా, నోరు ముయ్యవే! వీధంతా వింటోంది."

"విననీయ్. నేనేమైనా కల్పించానా? నువ్వే తీసి బయట పెట్టావు, నేను చదువుతున్నా, అంతే."

"రేపట్నుంచి రెండు డబ్బాలు పెడతా తల్లీ, నా పరువు ఉంచు."

అలా నాలుగు నెలల్లో వీధులన్నీ దారికొచ్చాయి.

తడిచెత్త ఊరి చివర రేకుల షెడ్డుకి వెళ్లేది. అక్కడ వరుసగా సిమెంటు తొట్లు. పేడ కలిపి చెత్తని కొన్నాళ్లు మాగనిచ్చి, తర్వాత తొట్లలో వేసి వానపాములని వదిలేది. మావైపు ఎర్రలంటాం. తట్టెడు ఎర్రలతో మొదలుపెట్టి రెండేళ్లలో ఆరు తొట్లు నింపింది. ఒకసారి నన్ను తీసుకెళ్లి చూపించింది. తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పైకి తీస్తే, చిక్కుపడ్డ ఎర్రదారం ఉండలాగా కదులుతున్నాయి. కింద ఎరువు టీపొడిలా నల్లగా, పొడిపొడిగా ఉంది. కంపు లేదు. తొలకరి వాన పడ్డప్పటి మట్టి వాసన, అంతే. వాటిని 'నా మంద' అనేది.

మా ఆయన యలమందకి ఆమెని ఆటపట్టించడం సరదా.

"ఏం లిడియా, నీ మంద మేసిందా?"

"మేసింది బాబూ. నీ ట్రాక్టరు కంటే నయం. ఆయిలు అడగదు, రిపేరు రాదు."

ఆయన నవ్వి ఊరుకునేవాడు కాదు. పోయినేడు మిరపనారుకి రెండు బస్తాలు ఆమె ఎరువే తెచ్చి వేశాడు. నారు బాగా ఎదిగింది. "వచ్చే ఏడు అరెకరం నీ ఎరువుతోనే" అని మాటిచ్చాడు.

ఆ మాటిచ్చిన మనిషి కార్తీకమాసంలో పోయాడు. పత్తికి మందు కొట్టి గట్టు మీద కూర్చుని, మంచినీళ్ల సీసా మూత తీస్తూ తీస్తూ పక్కకి ఒరిగిపోయాడట. ఆటోలో పేట తీసుకెళ్లేసరికి అయిపోయింది. గుండె ఆగిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. కానీ పత్తి చేలో పోయిన రైతు గురించి ఊరు కాగితం అడగదు. శవం ఇంటికి రాకముందే "మందు తాగాడేమో" అన్న గుసగుస పుట్టింది. మా పెద్ద బావగారు అంకమ్మరావు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగి, అనుమానంగా చూసిన ప్రతివాడికీ చూపించారు. పదిరోజులకి ఆ మాట అణిగింది.

పదకొండో రోజు పెద్దకర్మ. పోయినవాళ్ల పక్కబట్టలు, వాడిన బట్టలు, చెప్పులు, మందులు అన్నీ వాళ్లు పడుకున్న దుప్పట్లోనే వేసి మూటకట్టి పంపేయడం మా ఇళ్లలో ఆనవాయితీ. ముడి వేశాక విప్పకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. పూర్వం ఆ మూట చాకలివాళ్లు తీసుకెళ్లేవాళ్లు. వాళ్ల పిల్లలు గుంటూరులో ఉద్యోగాలు చూసుకున్నాక ఊళ్లో ఎవరూ లేరు. అందుకని లిడియా బండిలోనే పెట్టాం.

గోడ మేకుకి ఆయన చేలోకి తీసుకెళ్లే గోనెసంచి ఉండేది. ఆడపడుచు మూట కడుతుంటే నేనే దాన్ని తీసి అందించాను. అందులో సగం వాడిన పురుగుమందు గుళికల పొట్లం ఉంది. నారుమడికి చల్లగా మిగిలింది. ఇంట్లో పెట్టొద్దని రెండు నెలల ముందు నేనే ఆయన మీద అరిచాను. ఆ సంగతి ఆ పూట నాకు గుర్తు లేదు. ఆ సంచి ఆయన భుజం చెమట వాసన వేస్తోంది. అది తప్ప నాకేమీ తెలియలేదు.

భోజనాలు చేసిన విస్తళ్లు, అరిటాకులు, చేమంతి దండలు, మిగిలిన అన్నం కుప్పగా ఉన్నాయి. మూట వాటి మీదే పెట్టారు. లిడియా బండి ఆపి చూసింది. కలిపిన చెత్త కనిపిస్తే గుమ్మంలో కూర్చుని చదివే మనిషి ఆ రోజు కూర్చోలేదు. నా వంక చూసి, "నేను వేరుచేసుకుంటాలే అమ్మా, నువ్వు లోపలికెళ్లు" అంది. బండి తోసుకుంటూ పోయింది.

నెల గడిచాక ఒక ఉదయం విజిల్ వినపడలేదు. బండి లేకుండా కాలినడకన వచ్చింది లిడియా. చేతిలో ఒక రేకు పళ్లెం. మా వాకిట్లో నిలబడి పళ్లెం చూపించింది. సగం కుళ్లిన ఆకు, కొంచెం ఎరువు, అందులో వంకాయ రంగు గింజలు ఆరేడు.

"ఎర్రలన్నీ చచ్చిపోయినయ్యమ్మా. మొన్న తొట్టి గోడలెక్కి బయట పడతా ఉంటే ఎండకేమో అనుకున్నా. పొద్దున చూస్తే ఆరు తొట్లూ అంతే. చెయ్యి పెడితే ఒక్కటీ కదలదు." ఆమె గొంతు దగ్గుతో ఆగింది. "ఇవి ఎవరింట్లోయ్యో కనుక్కుందామని తిరుగుతున్నా. మాగిన చెత్త తొట్లన్నిట్లో సర్దా, అన్నిట్లోకీ పోయినయ్."

ఆ రంగు చూడగానే నాకు మేకు, సంచి, పొట్లం అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. నోరు తెరిచాను. ఈలోగా అరుగు మీద కూర్చున్న బావగారే అందుకున్నారు.

"మా ఇంట్లో గుళికలు ఎక్కడివి? మనిషే లేడు, మందెందుకుంటది? పో, వేరే ఇళ్లు చూసుకో."

లిడియా నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. "మా ఇంట్లో లేవు" అన్నాను.

ఆమె వెళ్లాక బావగారు గొంతు తగ్గించి చెప్పారు. "చూడమ్మాయ్ రత్నం, నాకూ తెలుసు వాడి సంచిలో ఉన్నదేంటో. కానీ ఇప్పుడు గుళికల మాట బయటికొచ్చిందా, ఊరు మళ్లీ మొదలెడతది. అదుగో మేమన్నాం కదా అంటారు. పోయినోడిని మళ్లీ చంపమాక."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే నేను నోరు మెదపలేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఐదో రోజు సర్దార్‌బీ గోడవతల నుంచి కబురు చెప్పింది. పంచాయతీ సెక్రటరీ తేజశ్రీ మేడం లిడియాని పిలిచిందట. వచ్చేవారం పైనుంచి షెడ్డు చూడటానికి వస్తారట. "నువ్వే చూడకుండా వేశావని వాళ్లంటారు లిడియా. ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పు, నేను రాసిపెడతా. చెప్పకపోతే షెడ్డు మూసేయమంటారు, నా చేతుల్లో ఉండదు" అందట. లిడియా ఎవరి పేరూ చెప్పలేదట.

"కోల్డ్ స్టోరేజీ మేస్త్రి అప్పుడే మనిషిని పంపాడంట. సంక్రాంతి వెళ్లగానే కాయ దిగుతది, తొడిమలకి రమ్మని. సరేనందంట పిచ్చిది" అంది సర్దార్‌బీ. "ఆ ఛాతీతో ఎన్నాళ్లుంటది రత్నం? పెట్టిన రెండు డబ్బాలూ దాని పుణ్యానే పెట్టాం, ఇప్పుడు ఒక్కళ్లమన్నా మాట సాయం చేయలేకపోయాం."

మా ఇళ్లలో భర్త పోయిన ఆడది మూడోనెల వెళ్లేదాకా గడప దాటదు. ఆ పూట నేను చెప్పులేసుకుని షెడ్డుకి నడిచాను. దారిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

లిడియా ఖాళీ తొట్టి అంచుమీద కూర్చుని పాలకవర్లు ఒక్కొక్కటీ దులిపి కట్ట కడుతోంది. పక్కనే చచ్చిన ఎర్రలని పారతో ఎత్తిన కుప్ప. నన్ను చూసి లేచింది.

"అయ్యో, నువ్వెందుకొచ్చావమ్మా? మూడోనెల వెళ్లలేదుగా."

"గుళికలు మా ఇంటివే లిడియా. ఆయన సంచిలోవి. సంచి అందించింది నేనే."

ఆమె చేతిలో కవరు కింద పెట్టింది.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"ఆ బండి తోసింది నేనేగా. ఆకుల మీద మూట, మూట మూలన చిరుగు. ఇక్కడికొచ్చి మూట దింపి విప్పుదామని కూర్చున్నా. ఎవరింటి మూటైనా విప్పేదాన్ని. బాబు దుప్పటి చూసి చెయ్యి రాలేదు. విప్పకుండానే మోసుకెళ్లి శ్మశానం పక్కన గొయ్యి తీసి పూడ్చా. అడుగున ఆకుల్లో రాలినయ్యి చూసుకోలేదు. ఊరందరికీ చెప్పే మనిషిని, నేనే చూడలేదు."

"మరి మేడంకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ బాబుని ఏమంటారో నాకు తెలవదా? ఇంటింటికీ పళ్లెం పట్టుకు తిరిగిందీ అందుకే. మీ ఒక్కింటికే వస్తే అందరికీ అర్థమయిపోద్ది." ఆమె దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. "కోపం లేదనుకోమాక. ఆ రోజు నువ్వు కిందకి చూసి లేవన్నావే, అప్పుడు నోటిదాకా వచ్చింది. రెండేళ్ల మంద రత్నమ్మా. ఒక్కటన్నా మిగల్లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పోయాక అంత బిగ్గరగా ఏడ్చింది అక్కడే, ఆ రేకుల కింద. లిడియా ఓదార్చలేదు. పక్కన కూర్చుని కవర్లు దులుపుతూ ఉంది. నేను లేచి పంచాయతీ ఆఫీసు వైపు తిరిగితే మాత్రం చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. ఎర్రలు మళ్లీ పుడతయ్. మనిషి పేరు పోతే రాదు."

"నీ ఊపిరి పోతే వస్తుందా?" అన్నాను.

ఆమె చెయ్యి వదిలింది.

ఆఫీసు వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో మా బావగారొకరు. వాళ్లు వింటుండగానే తేజశ్రీ మేడంతో చెప్పాను. గుళికలు మా ఇంటివని, మూటలో పోయాయని, లిడియా చూడక కాదు, పోయిన మనిషి మీద మర్యాదతో విప్పలేదని. మా ఆయన గుండె ఆగి పోయాడని కూడా చెప్పాను. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, నిదానంగా చెప్పండి, రాసుకుంటా."

నేను చెప్పడం, ఆమె రాయడం అయ్యేసరికి బావగారు వరండాలో లేరు.

షెడ్డు చూడటానికి వచ్చినవాళ్లు ఆ కాగితం చదివారు. తొట్లు ఖాళీ చేసి కడిగించి మళ్లీ మొదలుపెట్టమన్నారు. లిడియా పని పోలేదు. నాలుగోరోజే దర్శి వైపు ఒక ఊళ్లో ఎర్రలు ఇస్తారంటే బస్సెక్కి వెళ్లి, తడి గోనెలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దారిలో కండక్టరు అందులో ఏంటని అడిగాడట. "పశువులు" అందట. "అయితే టికెట్టు తియ్యాల్సిందే" అన్నాడట. ఆ మాట చెప్పి నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగి, కళ్లనీళ్లు తుడుచుకుంది.

ఊరు ఊరుకోలేదు. నీళ్ల దగ్గర, చేలల్లో ఆ మాట మళ్లీ లేచింది. "గుళికలు ఇంట్లోనే ఉన్నాయంట కదా" అని నేను వినేలాగే అనుకున్నారు. డాక్టరు రాసిన కాగితం నా దగ్గరుంది. చూపిస్తే నమ్మేవాళ్లు ముందే నమ్మారు, నమ్మనివాళ్లు కాగితం వంక చూడరు. బావగారు మా గుమ్మం ముందునుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ తల తిప్పుకునే వెళతారు. కానీ ఆయన ఇంటి వసారాలో ఒక ఎర్రసంచి వేలాడుతోంది. మందు సీసాలు అందులోనే పడుతున్నాయని లిడియా చెప్పింది.

ఫాల్గుణంలో తూర్పు వీధిలో ఒక ముసలాయన పోయాడు. పెద్దకర్మకి ముందురోజు లిడియా మా ఇంటికొచ్చింది.

"రత్నమ్మా, వస్తావా? నేనొక్కదాన్నే అయితే లోపలికి రానీయరు."

వెళ్లాం. ఆ ఇంటి ఆడవాళ్లు మమ్మల్ని చూసి ముఖాలు చిట్లించుకున్నారు. ఒక పెద్దావిడ అడ్డంగా నిలబడి, "మూట విప్పకూడదమ్మా, మీకు తెలియందేముంది?" అంది.

"విప్పొద్దు పిన్నీ. కట్టకముందే చూద్దాం" అన్నాను.

ఆమె నా నుదుటి వంక చూసి పక్కకి తప్పుకుంది. దుప్పటి పరిచాం. కోడలు ఒక్కొక్కటీ అందిస్తుంటే లిడియా చూసి వేసింది. మాత్రల రేకులు నాలుగు, గడ్డం బ్లేడులు, కంట్లో వేసుకునే మందు, ఎలకల మందు పొట్లం ఒకటి. అవి ఎర్రసంచిలోకి. చేతికర్ర, పంచెలు, తలగడ దుప్పట్లోకి. చివరికి ముసలాయన భుజాన వేసుకునే సంచి వచ్చింది. కోడలు దాన్ని అలాగే వేయబోయింది.

"మూలలు కూడా తడమాలమ్మా" అంది లిడియా నెమ్మదిగా. ఆ పిల్ల సంచి నావైపు జరిపింది. నేను సంచి తీసుకుని తిరగేసి, నాలుగు మూలలూ తడిమాను. పొగాకు ముక్కలు, రెండు పత్తిగింజలు రాలాయి. పొగాకు ముక్కలు దులిపేశాను. గింజలు కోడలి చేతిలో పెట్టాను.

ముడి వాళ్లే వేసుకున్నారు. లిడియా ఎర్రసంచి మూతి బిగించి బండికి తగిలించింది. ఇద్దరం పెరట్లో సబ్బుతో చేతులు కడుక్కున్నాం. తర్వాత ఆమె విజిల్ ఊది, పక్కింటి వైపు బండి తోసింది.